ఇంకొంచెం పదును

ఒకటో ఫైలుకూ రెండో ఫైలుకూ తేడా ఏమీ లేదంటే స్టూడియోలో తన కింద పనిచేసే రచన నవ్వుతుందేమో, నవ్వదు, ఆ అమ్మాయి నవ్వే రకం కాదు, అదే భయం, నవ్వేస్తే పోయేది, అనుకుంటూ కిషన్ రావు ఇయర్‌ఫోన్లు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్లీ చెవుల్లో పెట్టుకుని, నారాయణగూడ మెట్రో స్టేషన్ మెట్ల కింద నీడలో నిలబడి ఒకటో ఫైలు మొదటి నుంచి పెట్టాడు, చరిత్ర పాఠం చెప్పే శ్రీనాథ్ సారు గొంతు, కాకతీయుల చెరువులు, తూములు, మత్తళ్లు, ఎక్కడ దగ్గాలో అక్కడ దగ్గుతూ, బాగానే ఉంది, ఆపి రెండోది పెట్టాడు, అదే గొంతు, అవే చెరువులు, అదే దగ్గు, ఇదీ బాగానే ఉంది, ఇందులో ఒకటి తను మూడు రోజులు కూర్చుని శుభ్రం చేసింది, రెండోది రచన కొత్తగా తెచ్చిన సాఫ్ట్‌వేర్ పది నిమిషాల్లో చేసిపడేసింది, శ్రీనాథ్ సారుకు మోకాళ్ల నొప్పులని అడిక్‌మెట్‌లో ఆయన ఇంట్లోనే రికార్డు చేయాల్సి వచ్చింది, ఫ్యాను గరగర, కింద కూరగాయల బండివాడి కేక, వంటింట్లో కుక్కర్, అన్నీ పడ్డాయి, అవన్నీ తీసేసి గొంతు ఒక్కటే మిగల్చడం తన పని, ముప్పై నాలుగేళ్ల పని, రచన ఫైళ్ల పేర్లు తీసేసి ఒకటి, రెండు అని పెట్టి ఫోన్లోకి పంపి, సార్ మీదేదో మీరే చెప్పున్రి, రెండిట్ల మంచిగున్నది నాలుగింటికి మంజుల మేడంకు పంపాలె, ఇగ ముంగట పాఠాలన్నీ ఎట్ల చెయ్యాల్నో ఆమె గప్పుడే చెప్తనన్నది, అంది, మంజుల మేడం అంటే అశోక్‌నగర్ కోచింగ్ పిల్లలకు ఆడియో పాఠాలు అమ్మే సంస్థ యజమాని, స్టూడియోకు వచ్చే పనిలో ముప్పాతిక భాగం ఆమెదే, అంటే నాలుగింటికి మిషన్ గెలిస్తే కిషన్ రావు అనే సౌండ్ రికార్డిస్టు ఇంటికి పోవచ్చు, ఇప్పుడు ఒకటిన్నర, మరి తన పిల్ల ఏదో తనకు తెలియకపోతే ఎలా, తల్లిని తన బిడ్డను గుర్తుపట్టమంటే తలగోక్కున్నట్టు, ఛీ, ఇదేం ఖర్మ, మళ్లీ ఒకటి, మళ్లీ రెండు, రెండోదానిలో గొంతు కాస్త దుప్పటి కప్పుకున్నట్టు లేదూ, అవును, కొంచెం, అయితే అదే మిషన్‌ది, పదును లేదు, ఖాయం, ఖాయమేనా.

పాము చెవుల కిషన్ రావు అనేవాళ్లు ఒకప్పుడు, ఊరికే అనలేదు, స్టూడియోలో ఎక్కడో ట్యూబులైటు సన్నగా గుయ్‌మంటుంటే రికార్డింగ్ ఆపించి స్టూలు వేయించి ఆ లైటు పీకించినవాడు, పాడేవాళ్లు ఊపిరి పీల్చే చప్పుడును బట్టి జలుబు చేసిందా లేదా చెప్పినవాడు, ఆ చెవులతోనే పెళ్లాడాడు, ఆ చెవులతోనే ఇల్లు కట్టాడు, నళిని అయితే పెళ్లయిన కొత్తలో గుసగుసలాడాలన్నా జంకేది, పక్క గదిలోంచి జవాబు చెప్పేవాడు మరి, అనుకుంటూ పిల్లర్ల వెంట చిక్కడపల్లి వైపు నడుస్తుంటే పైన మెట్రో పోయింది, గుడగుడమని, కొత్తలో ఆ బండి ఆగేటప్పుడు సన్నగా కీచుమని పళ్లు జివ్వుమనిపించేది, ఈ మధ్య ఆ చప్పుడే లేదు, బాగు చేసినట్టున్నారు, ఏదో ఒకటి బాగుపడుతోంది ఈ ఊళ్లో, పిచ్చుకలు మాత్రం పోయాయి, చిక్కడపల్లి మార్కెట్ వెనక రేకుల మీద ఎన్ని ఉండేవో, చెవులు దిబ్బళ్లు పడేవి, అన్నీ ఎటు పోయాయో, మనుషులకూ మాట్లాడటం రావడం లేదు, అందరూ నోట్లో నీళ్లు పోసుకున్నట్టు, స అనాల్సిన చోట సగమే అంటారు, చకారం ఎక్కడో మింగేస్తారు, బ్యాంకులో పిల్లా అంతే, వార్తలు చదివేవాడూ అంతే, మైకులు కూడా చవకబారు మైకులు, అందుకే తను ప్రతి పాఠానికీ చివర్లో ట్రెబుల్, అంటే సన్న చప్పుళ్ల మోత, పెంచేవాడు, ఇంకొంచెం పదును, రచన అడిగేది, ఇంకనా సార్, ఇంకొంచెం, అక్షరం అంచు కనబడాలమ్మా, వినేవాడికి స్పష్టంగా ఉండాలి, పాపం ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో వచ్చి కిరాయి గదుల్లో పడి చదువుకుంటున్నారు, వాళ్లకు ఒక్క మాట జారిపోయినా ఒక మార్కు పోయినట్టే, రచన మాట్లాడేది కాదు, తెరమీద చప్పుడును బొమ్మగా చూపే ఆ రంగురంగుల గీతల వైపు చూస్తూ ఊరుకునేది, ఎందుకు అలా ఊరుకునేది.

ఊరుకోవడంలో నళిని తర్వాతే ఎవరైనా, ఇంట్లో టీవీకి తనే స్వయంగా ఆంప్లిఫైయర్ పెట్టి రెండు స్పీకర్లు గోడకు బిగించాడు, వీధిలో ఎవరింట్లోనూ లేని సౌండు, ఏం లాభం, సాయంత్రం ఆరున్నరకు తను వచ్చి చాయ్ తాగి టీవీ ముందు కూర్చోగానే ఆమె లేచి వెనక వరండాలోకి పోతుంది, చిక్కుడుకాయలు వలవాలనో, బట్టలు మడతపెట్టాలనో, జర గాలికి కూసుంట అనో, రోజుకొక సాకు, ఒకరోజు కాదు, ఏళ్లు, మొదట్లో కోపం వచ్చింది, తర్వాత బెంగ పట్టింది, తర్వాత అలవాటైంది, ముప్పై ఏళ్లు కాపురం చేశాక ఇంక ఏం మిగులుతుంది అని ఎవరో అంటే నిజమే కాబోలు అనుకున్నాడు, నన్ను చూసి విసిగిపోయింది, మొహం చూడలేక పోతోంది, అని ఒక్కడే వార్తలు చూస్తూ అన్నం తినేవాడు, పైగా ఆ బొట్టుబిళ్లలు, అద్దం మీద అంటిస్తుంది, ఫ్రిజ్ తలుపు మీద అంటిస్తుంది, ఆఖరికి తన ఆంప్లిఫైయర్ మీద కూడా, ట్రెబుల్ నాబ్ పక్కన వరసగా మూడు, ఒకటి వెలిసిపోయింది, ఒకటి సగం వెలిసింది, ఒకటి కొత్తది, ఇదేం చోటే నీకు అని విసుక్కుంటే, ఉండనియ్యున్రి, ఏమన్న తింటున్నదా, అంది, సరే, ఉండనీ అనుకున్నాడు.

అశోక్‌నగర్ వచ్చేసింది, కాళ్లే తీసుకొచ్చాయి, లైబ్రరీ ముందు చాయ్ బండి దగ్గర ఎప్పటిలాగే గుంపు, చేతుల్లో కరెంట్ అఫైర్స్ పుస్తకాలు, చెవుల్లో తీగలు, అందులో నగేష్ కనిపించాడు, జనగామ దగ్గరి ఊరు, ముప్పై దాటింది, మూడోసారి గ్రూప్ టూ రాస్తున్నాడు, చాయ్ దగ్గర పరిచయం, తను ఏం పని చేస్తాడో మాత్రం అతనికి తెలియదు, ఎప్పుడూ అడగలేదు, తనూ చెప్పలేదు, ఇప్పుడు చెప్పకుండా ఉండటమే మంచిదనిపించి, బాబూ జర ఈ రెండు విని చెప్పవా, ఏది బాగుందో, మాకు తెలిసినాయన అడిగాడు, అన్నాడు, అబద్ధం ఆడుతుంటే చెవులు వేడెక్కాయి, నగేష్ చాయ్ కప్పు పక్కన పెట్టి ఒకటోది చెవిలో పెట్టుకున్నాడో లేదో మొహం చిట్లించి, గిది పాత సౌండే గద సార్, మా యాప్‌ల పాఠాలకు వచ్చేటిదే, అన్నాడు, ఎలా తెలిసింది, ఎట్ల తెలుస్తదేంది సార్, చెవుల సూదులు గుచ్చినట్టయితది గద, స అన్నప్పుడల్ల సుయ్యిమంటది, శ్రీనాథ్ సారు మంచిగనే చెప్తడు, గని గంట వింటే తలకాయ పగుల్తది, మేమైతే సెట్టింగులకు పోయి ట్రెబుల్ మొత్తం కిందికి గుంజుకొని వింటం, హాస్టల్ల కొత్తగ ఎవరొచ్చినా ముంగట గదే నేర్పిస్తం, ఏ పుస్తకం చదవాల్నో తర్వాత చెప్తం, అని నవ్వి రెండోది పెట్టుకున్నాడు, మొహం విప్పారింది, కళ్లు మూసుకున్నాడు, అబ్బ, గిది మస్తున్నది సార్, సారు మన పక్కకు కూసొని చెప్తున్నట్టే ఉన్నది, ఫ్యాను లేదు, సూదుల్లేవు, అమ్మ గిట్లనే చెప్తదేమో కథలు, గిది ఎవరు చేసిన్రు, పాతవాళ్లే ఏమో బాబూ, అన్నాడు కిషన్ రావు ఆశగా, అదొక్కటే ఆశ, పాతాయన కాదు సార్, రాసిస్త, పాతాయనకు మేం పేరు గూడ పెట్టినం, చెవిటి సారు అంటం.

అందరూ నవ్వారా, నగేష్ ఒక్కడేనా, తెలియలేదు, ఫోన్ తీసుకుని తిరిగాడు, ఆ పిల్లవాడి ఇయర్‌ఫోన్లు చవకవి, అంతే, కాదు, ఇయర్‌ఫోన్లు నావే కదా, నేనే ఇచ్చాను కదా, అయితే వాడి చెవులు, హాస్టల్ మొత్తం చెవులు పాడయ్యాయా, చెవిటి సారు, ఎవరిని, పాము చెవుల వాణ్ని, ఒకటోది పాతదైతే అంటే నాదే అయితే మరి దుప్పటి కప్పుకున్నట్టుంది మిషన్‌ది, అది ఇతనికి అమ్మ చెప్పిన కథ అయింది, నాకు దుప్పటి వీళ్లకు అమ్మ, నాకు పదును వీళ్లకు సూది, ఇదెలా కుదురుతుంది, రోడ్డు దాటుతుంటే ఆటోవాడు తిట్టాడు, ఏం తిట్టాడో సగమే వినబడింది, అవతల గోడ పక్కన నిలబడి రచనకు ఫోన్ చేశాడు, ఒకటో ఫైలు నాదే కదమ్మా, అవ్ సార్, అంది, నాకు ఎప్పటి నుంచి ఇలా అని అడగబోయి నీకు ఎప్పటి నుంచి తెలుసు అన్నాడు, తెరమీద గీతల్ల కనవడుతది సార్, మీ ట్రెబుల్ యేడాదికింత పైకి పోయింది, నోటితోని చెప్పబుద్ధి కాలె, గందుకే గా రెండు ఫైళ్లు, మీకు మీరే తెలుసుకుంటరని, సార్, సార్ ఉన్నరా, ఆ సాఫ్ట్‌వేర్‌ల మనకు వినవడనిది గూడ కనవడుతది, మీరు చూసి చేస్తే, మైకు పెట్టుడు, మాట తెంపుడు గీ మిషన్‌కు రాదు సార్, ఆయన ఫోన్ పెట్టేశాడు, ఓదార్పు, చిన్నపిల్ల ఓదారుస్తోంది, తెరమీద గీతలు ఎవరు గీశారు, మిషనే కదా, మిషన్ తనను తాను మెచ్చుకోకుండా ఉంటుందా, అబద్ధం, అంతా కలిసి ఆడుతున్న అబద్ధం, లేకపోతే నిజం, నిజమైతే నేనెవర్ని, ఈ రెండు చెవులు తీసేస్తే కిషన్ రావు అనేవాడిలో మిగిలేది ఏముంది, మూడున్నర అవుతోంది, స్టూడియోకు పోవాలి, కాళ్లు ఇంటివైపే పోయాయి.

ఈ వేళప్పుడు ఎప్పుడూ ఇంటికి రాలేదు, గేటు తోసి జాలీ తలుపు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు, నళిని టీవీ ముందే ఉంది, వరండాలో కాదు, టీవీ ముందు, తను కూర్చునే సోఫాలో, కాళ్లు పైకి పెట్టుకుని, ఒళ్లో పల్లీల గిన్నె, ఏదో సీరియల్‌కు పకపకా నవ్వుతోంది, ఆమె అలా నవ్వి ఎన్నాళ్లయిందో, తనకు మాత్రం టీవీలో మాటలు మబ్బుగా ఉన్నాయి, ఒక్క ముక్కా అర్థం కావడం లేదు, అదే దుప్పటి, చెప్పు కాలికి తగిలి కదిలింది, ఆమెకు వినబడింది, ఎవరని తలెత్తి కూడా చూడలేదు, గిన్నె పక్కన పెట్టి చటుక్కున లేచి ముందు ఆంప్లిఫైయర్ దగ్గరికి వెళ్లింది, ట్రెబుల్ నాబ్ పట్టుకుని కుడికి తిప్పింది, కొత్త బొట్టుబిళ్ల దాకా, సరిగ్గా దాని ఎదుట ఆపింది, ఆ తిప్పుతుండగానే సీరియల్లో మాటలు ఒక్కొక్కటీ అంచులు తేలి స్పష్టంగా, ఎంత బాగా, వచ్చాయి, ఆమె మొహం నొప్పితో ముడుచుకుంది, అప్పుడు వెనక్కి తిరిగి ఆయన్ను చూసి నవ్వు తెచ్చుకుని, ఇంత జల్ది వచ్చిన్రేంది, చాయ్ పెడ్త, అంటూనే అలవాటుగా వరండా వైపు అడుగు వేసింది.

ఆగు నళినీ, అన్నాడు, ఆ బిళ్లలు నేను వినే చోటు గుర్తుకా, ఆమె చీర కొంగు తిప్పుకుంటూ, అవ్, అంది, పొద్దున మీరు పోంగనే తగ్గిస్త, ఆరింటికి మళ్ల మీ కాడికి పెడ్త, మీరు పెంచినప్పుడల్ల ఇంకొక బిళ్ల, మొదటిది పెట్టి అయిదేండ్లయితున్నది, మరి చెప్పలేదేం, ఎట్ల చెప్పాలె, చెవులే మీ బతుకాయె, మీ పేరాయె, గంత మాట నా నోట్లకెళ్లి ఎట్ల రావాలె, ఆయన కిటికీ వైపు చూస్తూ, పిచ్చుకలు వస్తున్నాయా మనింటికి, అని అడిగాడు, ఏందట్ల అడుగుతున్నరు, గిప్పుడు గూడ ఒర్రుతున్నయ్ గద వెన్కల, అని చెప్పి ఆమె ఏదో తెలిసినట్టు ఆగిపోయింది, ఏడుపు వచ్చింది ఆయనకు, దాచుకోలేదు, ఫోన్ తీసి రచనకు రెండోది పంపమ్మా, రేపటి నుంచి ఆ గీతలు చూడటం నాకు నేర్పు, అని కొట్టాడు, చెవుల డాక్టరు దగ్గరికి రేపు పొద్దున్నే, నువ్వు కూడా రావాలి, అన్నాడు, తర్వాత ఆంప్లిఫైయర్ దగ్గరికి పోయి మూడు బిళ్లలూ గోటితో ఊడదీసి, నువ్వెక్కడ వింటావో చూపించు, అన్నాడు, ఆమె నాబ్ ఎడమకు తిప్పింది, మాటలు మళ్లీ మబ్బులోకి పోయాయి, పోనీ, అక్కడ ఆ కొత్త బిళ్లను అంటించి వచ్చి సోఫాలో ఒక పక్కకు జరిగి కూర్చున్నాడు, ఆమె వచ్చి పక్కన కూర్చుంది, టీవీలో వాళ్లు ఏదో అన్నారు, ఆమె నవ్వి ఆయన చెవి దగ్గరికి వంగి వాళ్లన్నది గట్టిగా మళ్లీ చెప్పింది, చేతిలోకి పల్లీలు పోసింది, గడియారం నాలుగు దాటింది, నాలుగున్నర అయింది, ఆమె లేవలేదు, ఇంత చిన్న సంగతి తెలియడానికి అయిదేళ్లు పట్టింది, రోజూ సాయంత్రం ఆమె లేచి వెళ్లింది ఆ చప్పుడు నుంచి, తన నుంచి కాదు.