ఇటుక మీద బొటనవేలు

"ఆ ఇరుకు దారిలో బ్రేకులు పట్టకపోతే ఏంటే మన గతి? అటు చూస్తే సముద్రం, ఇటు చూస్తే సముద్రం!"

రేవు ప్రయాణానికి ఇంకా పది రోజులుంది. ఏవరిల్ చల్లారిన గొర్రె మాంసం కోస్తూ అప్పుడే మొదలుపెట్టింది. కూతురు టామ్సిన్ వంటగది బల్ల మీద పటం పరిచి, ముడుచుకోకుండా మూలలకి టీ కప్పులు పెట్టింది.

"బ్రేకులు మొన్ననే వేయించానమ్మా."

"కొత్తగా వేయించినవే ముందు పోతాయి. సరే, కారు సంగతి వదిలెయ్. ఆ కొండ అంచుల మీద గాలి?"

"నిన్ను ఎత్తుకుపోవాలంటే ఆ గాలికి ఇంకో ఇద్దరు సాయం రావాలి."

"నవ్వు, నవ్వు. అల వచ్చి కాళ్లు లాగేస్తే అప్పుడు నవ్వుదువుగాని."

నవ్వని మనిషి ఒక్కడే, ఏవరిల్ తండ్రి పెర్సీ. ఎనభై ఆరేళ్లవాడు. గోడలో కట్టిన చలిమంట పొయ్యి పక్కన కుర్చీలో కూర్చుని, పటం వంకైనా చూడడం లేదు.

ఏవరిల్ అసలు భయం బ్రేకులూ కాదు, అలలూ కాదు. నాన్న గుండె బలహీనంగా ఉందని డాక్టరు చెప్పి నెలయింది. నాన్నకి తాత, తనకి ముత్తాత అయిన జాబెజ్ సిపాయిల ఎర్ర కోటు వేసుకుని ఖైదీలకి కాపలా కాసిన రేవు అది. అక్కడ నాన్న పక్కన ఒక్కసారి నిలబడాలని ఆమెకి చిన్నప్పటినుంచీ ఉంది. బడిలో "మా ముత్తాత సిపాయి" అని వ్యాసం రాసి తెస్తే, కింద సంతకం పెట్టింది నాన్నే. కానీ వెళ్దామంటే చాలు, ఆపిల్ కోతలనేవాడు, కొమ్మలు కత్తిరించాలనేవాడు, చెట్లకి పురుగుమందు కొట్టాలనేవాడు. తోట పీకించేసి పదేళ్లయింది. ఇప్పుడు సాకులు చెప్పడం మానేసి ఊరుకుంటున్నాడు, అంతే.

ఒకప్పుడు ఖైదీలని ఓడల్లో తెచ్చి దింపిన ఆ దేశంలో, వాళ్లుండే లోయలో ఎవరి తాత ఏ ఓడలో దిగాడని ఎవరూ అడగరు. అడిగితే మర్యాద కాదు. ఏవరిల్ కూడా అడగలేదు.

"ముందు కావలి బురుజు దగ్గర ఆగుదాం తాతయ్యా. మన సిపాయిగారు నిలబడిన చోట నీకో ఫోటో తీస్తాను," అంటూ టామ్సిన్ పెన్సిలుతో పటం మీద సున్నా చుట్టింది.

పెర్సీ చెయ్యి పక్కకి పోయి, పొయ్యి అంచున ఉన్న ఇటుకని తడిమింది. మిగతావన్నీ ఊళ్లో కొన్న ఇటుకలు. అదొక్కటే పాతది, వంకర. దాని మీద చిన్న బొటనవేలి గుంట ఒకటుంది. నాన్న రోజూ అందులో వేలు పెట్టడం ఏవరిల్ ఎరుగును. వేడి చూసుకుంటున్నాడనుకునేది. ఇవాళ చలిమంట వెలిగించనే లేదు.

ఆమె కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, అతని కుర్చీ పక్కన కూర్చుంది.

"నాన్నా, నీకేమైనా అయితే ఎలా అని నాకు నిద్ర పట్టదు. నువ్వు ఇంట్లోనే ఉన్నా ఆ భయం పోదు. ఒక్కసారి నాతో రా. ఎందుకు రావో అదైనా చెప్పు."

కెటిల్ కూత పెడితే టామ్సిన్ లేచి దించి వచ్చింది. పెర్సీ ఇంకా ఇటుక వంకే చూస్తున్నాడు. అడక్కూడనిది అడిగేశాను, ఇదిగో ఇప్పుడే గుండె పట్టుకుంటాడు, అనుకుంది ఏవరిల్.

అతను గుండె పట్టుకోలేదు. కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. బల్ల దగ్గరికి వచ్చి పటం మీద వంగాడు. కావలి బురుజు దాటి, రేవుకి ఎదురుగా నీళ్లలోకి చొచ్చుకుపోయిన మొన మీద వేలు ఆనించాడు.

"మా తాత కాపలా కాయలేదు, ఏవరిల్. ఆయన్నే కాశారు," అన్నాడు. "తన కాళ్లకి పట్టని బూట్ల జత ఎత్తుకెళ్లాడట. పదకొండేళ్లవాడు. ఇక్కడే, పిల్ల ఖైదీలందరితో పాటు, బట్టీలో ఇటుకలు చేయించారు. ముసలితనంలో వెళ్లి ఆ పొయ్యి అంచున ఉన్న ఇటుక తెచ్చుకున్నాడు. ఆ వేలు తనదో, పక్కవాడిదో తనకే తెలీదనేవాడు. ఎవరడిగినా సిపాయి అని చెప్పమని మా అమ్మ నా చేత ఒట్టేయించుకుంది. బురుజు దగ్గరికి నేను రాను. ముందు ఇక్కడికి తీసుకెళ్లండి."