మగ్గాల హాల్లో గుసగుస

పైగా తను ఎర్ర ఇంకుతో రాసిందని ఆ స్టూడెంటు మనసు నొచ్చుకుందట, ఎర్ర ఇంకుతో కాకపోతే పసుపు కుంకాలతో దిద్దుతారా పేపర్లు, అని గొణుక్కుంటూ ఛాయాదేవి కారు తలుపు దడాలున వేసుకుని, తాళం తిప్పబోయి ఆగిపోయింది, ఇంటికెలా వెళ్తుంది, అయిదింటికల్లా గ్రేడ్ మారుస్తుందో లేదో తేల్చి చెప్పమన్నాడు డిపార్ట్‌మెంట్ చెయిర్, అంటే హెడ్డు, తన కొడుకంత వయసు, ఇరవై రెండేళ్లుగా ఈ కమ్యూనిటీ కాలేజీలో అమెరికన్ నవల చెబుతున్న మనిషికి నవ్వుతూ సలహాలిస్తాడు, మరోసారి చదివి చూడండి, వాండా పరిస్థితి కూడా కాస్త ఆలోచించండి అని, ఆలోచించకుండానే ఎఫ్ వేసిందా తను, పరిస్థితి తనకు తెలియదా, జులైలో బట్టల మిల్లు మూసేస్తే ఊరు ఊరంతా రోడ్డున పడింది, ముప్పై ఒక్క ఏళ్లు మగ్గాల దగ్గర నిలబడ్డ వాండా యాభై నాలుగో ఏట నర్సింగ్ చదువుదామని వచ్చింది, ఈ సాహిత్యం క్లాసు కూడా పాసైతేనే జనవరిలో నర్సింగ్ సీటు, తప్పితే లేదు, పాపమే, ఎవరు కాదన్నారు, కానీ పాపం వేరు, సాహిత్యం వేరు.

క్లాసులో చెబుతున్న నవల యుద్ధం ముగిసి సైనికులు మిల్లు ఊరికి తిరిగొచ్చిన రోజులది, సమ్మెకు ముందు రోజు ఇద్దరు నేత కార్మికురాళ్లు నడుస్తున్న మగ్గాల మధ్య నిలబడి గుసగుసలాడుకునే ఘట్టం దానికి ప్రాణం, ఏ విమర్శకుడిని చూసినా ఆ గుసగుసనే పొగిడాడు, ఉస్మానియాలో ఎం.ఏ. చదివేటప్పుడు రాసుకున్న నోట్సు కాగితాలు పొడుములా రాలిపోతున్నా తను ఇప్పటికీ అదే చెబుతోంది, అంత గొప్ప ఘట్టానికి అర్థం రాయమంటే ఈవిడ ఏం రాసింది, ఒకటిన్నర పేజీ, ఈ పుస్తకం రాసినాయన మగ్గాల హాల్లో గంటసేపు కూడా నిలబడి ఉండడు, అక్కడ గుసగుస ఎక్కడిది, చెవిలో నోరు పెట్టి అరిచినా వినబడదు, మేము పెదవులు చూసి మాట్లాడుకుంటాం, నా చెవులు అక్కడే పోయాయి అని, ఇదీ ఒక వ్యాసమేనా, ఒక్క విమర్శకుడి పేరు లేదు, ఒక్క పేజీ నంబరు లేదు, మీ సొంత అనుభవం సాక్ష్యం కాదు అని తను మార్జిన్‌లో రాసింది, రాస్తుంది, రేపు ఇంకొకరు ఇలాగే రాసినా అదే రాస్తుంది.

ఫోన్ మోగింది, యోగానంద్, మందుల కంపెనీలో కెమిస్టు, మొగుడే గానీ సాహిత్యమంటే ఆమడ దూరం, ఏంటి ఛాయా ఇంకా పార్కింగ్ లాట్‌లోనే ఉన్నావా, ఒక సి ఇచ్చేసి వచ్చెయ్, దీనికెందుకింత టెన్షన్, ఆవిడ చెప్పిందే కరెక్టేమో ఎవరికి తెలుసు, మనమేమైనా మిల్లులో పని చేశామా అని నవ్వాడు, తర్వాత మాట్లాడతానని పెట్టేసింది, ఎవరికి తెలుసట, ఎంత తేలిగ్గా అనేశాడు.

సిరిసిల్లలో తను పుట్టిన ఇంటి గోడ అవతలే సాంచాలు, కరెంటుతో నడిచే మగ్గాలు, అవి నడుస్తున్నంతసేపూ ఉట్టి మీది గిన్నెలు అదిరేవి, మీ నాయినకు ఇనవడది బిడ్డా, ఎదురుంగ నిలవడి పెదవులు మెల్లగ కదిలియ్యి, అనేది అమ్మ, నలభై అయిదు నిండకముందే ఆ సాంచాల మోతకు చెవులు పోయిన ఈశ్వరయ్య కూతురు నోటి వంకే చూస్తూ నిలబడేవాడు, ఆ ఈశ్వరయ్య ఉస్మానియా హాస్టల్ గేటు దగ్గర తన గొంతు తనకే వినబడక, ఛాయా అని ఊరు లేచేలా పిలిస్తే స్నేహితురాళ్లు ఫక్కున నవ్వారు, మా నాన్నది బట్టల బిజినెస్, కేకలేయడం అలవాటు, అని తనూ నవ్వింది, సిగ్గులేకుండా నవ్వింది, పెళ్లినాటికి నాయన లేడు, యోగానంద్‌కు కూడా అదే బిజినెస్ చెప్పింది, హాస్టల్ గేటు దగ్గర నవ్విన ఏడే ఈ నవల చేతికొచ్చింది, గుసగుస దగ్గర ఆగి, ఇదెట్ల అయితది అనుకుంది, అచ్చంగా ఆ మాటే అనుకుంది, అనుకుని, లెక్చరర్ చెప్పింది చెప్పినట్టు రాసి క్లాసులో ఫస్టు వచ్చింది.

కారు దిగింది, డిపార్ట్‌మెంట్ మెట్ల వైపు నడుస్తోంది, చెయిర్ మీద కోపం లేదు, వాండా మీద లేదు, ఉన్న కోపమంతా ఎటు తిరగాలో అటే, తన మీదికే తిరిగింది, వాండా రాసినదాంట్లో తప్పు లేదని మొదటి వాక్యం దగ్గరే తెలుసు తనకు, తెలిసే ఎఫ్ వేసింది, ఒప్పు అంటే నీకెలా తెలుసని అడుగుతారు, అడిగితే ఈసారి నాయన పేరు చెప్పాలి.