తెరకు ముందువైపు

బాతులన్నీ తెల్లగానే ఉంటాయా తెరమీది ఈ బొమ్మల దేశంలో, అనుకుంది బాలమణి, తమ ముత్తంగి కుంటలో బాతులు మట్టిరంగువి, ఈ బాతుకేమో మెడలో రిబ్బను, దాన్ని తరుముతూ నక్క, నక్క వెనక కుక్క, ఎవరు ఎవరిని ఎంత బాదినా ఎవరూ చావరు, ఫ్యాక్టరీ క్వార్టర్ల మైదానంలో పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు, తనూ నవ్వుతోంది, మొదటిసారి ఇటువైపు కూర్చుంది కదా, ఇన్నాళ్లూ తెర వెనకే, క్వార్టర్ల వాళ్లు ముందు, పనివాళ్ల కుటుంబాలు వెనక, అక్కడినుంచి అన్నీ తిరగబడి కనిపిస్తాయి, సినిమాలో అందరూ ఎడమచేత్తోనే అన్నం తింటారు, ఇవాళ క్వార్టర్ల కామేశ్వరరావు గారమ్మాయి నాగేశ్వరి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది, రావే, నా పక్కన కూర్చో, ఎవరేమంటారో నేను చూస్తా, అని తన ఎర్ర రిబ్బన్లు కూడా బాలమణి జడలకు కట్టింది, వాళ్లింట్లో అంట్లు తోమే అమ్మ, పుష్పమ్మ, మురిసిపోయి, పో బిడ్డా, ముంగట ఎట్ల కనవడ్తదో సూసొచ్చి నాకు జెప్పు, అంది.

చెప్పాలి, అన్నీ గుర్తుపెట్టుకుని చెప్పాలి, తెల్ల బాతు, గోధుమరంగు నక్క, బూడిదరంగు కుక్క, మరి నల్లగా ఎవరున్నారు, మనలాగా ఎవరు, అని వెతుకుతుండగానే బాతు కూర్చున్న బుట్ట కింద నక్క పెట్టబోయిన టపాకాయ దాని చేతిలోనే పేలింది, పొగ విడిపోతే నక్క మొహమంతా నలుపు, దొడ్డు పెదవులు, గుండ్రటి తెల్లకళ్లు, తలనిండా నిక్కిన చిట్టి జడలు, జడకో ఎర్ర పీలిక, మైదానమంతా ఘొల్లున నవ్వింది, సూర్యారావు గారబ్బాయి వెనక్కి తిరిగి, ఒరేయ్, మన బాలమణిరా, రిబ్బన్లతో సహా దిగింది, అన్నాడు, తలలన్నీ ఇటు తిరిగాయి, నాగేశ్వరి, ఛీ, ఊరుకోండర్రా, అంటూనే నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

రిబ్బన్లు విప్పేద్దామంటే ముళ్లు నాగేశ్వరి వేసినవి, లేచిపోదామంటే అందరి చూపూ ఇటే, ఇందాకటి నవ్వు ముఖాన అలాగే అతుక్కుపోయింది, నోరు మూసుకోదు, గాలికి తెర ఉబ్బి ఆ నల్లమొహం ఇంకా పెద్దదైంది, అంతలో తెర వెనకనుంచి ఒక నవ్వు, దగ్గులా మొదలై ఆగకుండా సాగే నవ్వు, అమ్మది, వెయ్యిమందిలో ఉన్నా పోల్చుకోగలదు, ఇటువైపు అందరూ ఎవరిని చూస్తున్నారో అమ్మకేం తెలుసు, నవ్వకమ్మా అని అరవాలనుంది, ఇంటికి పోయే దారిలో అడుగుతుంది, ముంగట ఎట్లున్నదే, అని, ఏం చెప్పాలి, అక్కడి ఎడమ ఇక్కడ కుడి, అంతే, ఆ మొహం మాత్రం ఎటునుంచి చూసినా ఒకటేనమ్మా, నాదీ, నీదీ.