సగం కుట్టిన కాలరు

కోబ్రె నది పొంగి, తోటల్లోని చెరుకంతా పోర్ట్ రాయల్ రేవులో తేలిన ఏడాది అది. మా దొంగల ఓడలో తెరచాపలు కుట్టేవాణ్ణి నేను. విల్ అనే కొత్తవాణ్ణి నాకు సాయంగా ఇచ్చారు. చాపలు కుట్టేవాడు దారాన్ని కత్తితో కోస్తాడు. విల్ పళ్ళతో కొరికాడు. ఆ అలవాటు ఇళ్ళలో చొక్కాలకు అతుకులేసే ఆడవాళ్ళది.

"కత్తితో కొయ్యి. అందరూ చూస్తారు," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. నేను తల దించి కుట్టుకుంటూ పోయాను. నాకు తెలిసిపోయిందని ఆమెకు అలా తెలిసింది.

ఆమె అసలు పేరు హెస్టర్. ఒకే చాపకు చెరో అంచున కూర్చునేవాళ్ళం. నేను మాట్లాడను గనకే కాబోలు, అన్నీ చెప్పేది. మొగుడిది రేవు దగ్గర రమ్ము కొట్టు. తెల్లవారకముందే పొయ్యి, తర్వాత పీపాలు, తాగుబోతులు కక్కింది కడగడం, ఉతుకు, మళ్ళీ తాగుబోతులు. "మా ఆవిడకేం పని? కూర్చునే ఉంటుంది. కొట్టంతా చూసుకునేది నేనే," అనేవాడట మొగుడు. "ఏడేళ్ళయినా ఉయ్యాల ఖాళీ. ఇల్లు మాత్రం అద్దంలా పెడుతుంది, ఎవరు చూడాలనో!" అనేదట అత్త. ఆ మాటలకన్నా, తను ఎదుటే ఉండగా తను లేనట్టు అనుకోవడమే ఆమెను తినేసిందట. ఒకరోజు మొగుడి లాగు ఉతికి ఆరేసి, ఆరాక మడత పెట్టకుండా తనే తొడుక్కుని రేవుకు వచ్చేసింది. ఓడలోనూ కుట్టుపనే. కానీ ఇక్కడ కుట్టేవాడికీ ఓటుంది. ఎటు పోవాలో, ఎవరు కెప్టెన్‌గా ఉండాలో చేతులెత్తించి తేల్చేవాళ్ళం. "మొదటిసారి ఎత్తిన చెయ్యి దించబుద్ధి కాలేదు పెద్దాయనా. నన్నూ కలిపి లెక్కపెట్టారు," అంది.

ఆ వేసవిలో ఒక స్పెయిన్ ఓడ మీద పడ్డాం. కెప్టెన్ లాంబర్ట్ మెడ మీదికి దిగుతున్న కత్తికి విల్ అడ్డుపడింది. భుజం తెగింది. కట్టు కట్టబోయిన లాంబర్ట్, ఆమె రొమ్ముకు బిగించి చుట్టిన గుడ్డ చూశాడు. ఎవరికీ చెప్పలేదు. ఆమె చెవికి తన బంగారు పోగు పెట్టాడు. ఆ రోజుల్లో ఆమె చూపంతా అతని మీదే, కుట్లు వంకర పోయేవి. నేనే విప్పి మళ్ళీ కుట్టేవాణ్ణి.

నెల తిరక్కుండా అతని చొక్కా ఒకటి మా చాపల మధ్యకు వచ్చింది. "నీ చేత్తో కుడితే నాకిష్టం," అన్నాడట. తర్వాత మేజోళ్ళు. తర్వాత భోజనం. ఆ తర్వాత, "ఉప్పెక్కువైంది."

"మొగుణ్ణయితే మనసులోనైనా తిట్టుకునేదాన్ని పెద్దాయనా. ఇతన్ని తిట్టుకోలేను. ప్రేమగా అడుగుతాడు. సముద్రం మధ్యలో కూడా ఆ కొట్టు వాసనే వస్తోంది నాకు," అంది ఒకరోజు.

నేను సూదికి దారం ఎక్కించుకున్నాను.

యుద్ధనౌకలు కాపలా కాసే సరుకు ఓడల మీదికి పోదామన్నాడు లాంబర్ట్. ఒక్క చెయ్యి తేడాతో ఓడిపోయాడు. విల్ చెయ్యి అతనికి ఎదురు లేచింది. "నా చొక్కాలు కుట్టే చెయ్యి నా మీదే లేస్తుందా?" అని గదిలో అడిగాడట. మర్నాడు మధ్యాహ్నం అందరి ముందూ ఆమె చొక్కా పట్టి చింపాడు.

"చూడండ్రా, ఆడది! నాకూ ఇప్పుడే తెలిసింది!"

మా ఓడ కట్టుబాటు ఒకటుంది. మగవేషంలో ఆడమనిషి దొరికితే ఇసుకదిబ్బ మీద దించెయ్యాలి. తెలిసీ దాచినవాణ్ణి కూడా ఆమెతోపాటు దించాలి.

"కుట్టు అంత సన్నగా ఉన్నప్పుడే అనుకున్నాను!" అన్నాడొకడు. "ముందే తెలిస్తే నా మేజోళ్ళు కుట్టమని పడేసేవాణ్ణి కదరా!" అన్నాడు ఇంకొకడు.

ఓట్లప్పుడు చేతులు లెక్కపెట్టే ఒబేద్ గట్టిగా అరిచాడు. "ముందే తెలిసినవాడెవడైనా ఉన్నాడా? ఉంటే చెప్పండి!"

ఆమె లాంబర్ట్ వైపు చూడలేదు. నా వైపు చూసింది. అతనికి ఎప్పుడో తెలుసనీ, తెలిసే చొక్కాలు కుట్టించుకున్నాడనీ నేను చెబితే అతని అబద్ధం అక్కడే చిరిగిపోయేది. అయితే నాకూ తెలుసు కదా. దిబ్బ మీద నీళ్ళుండవు, నీడ ఉండదు. నా నోరు తెరుచుకోలేదు.

లాంబర్ట్ ఆమె దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించాడు. "నా పెళ్ళాంగా ఉంటానను. గదిలో ఉండనిస్తారు. నిన్నెవరూ ముట్టుకోరు."

"ఓటుకు చెయ్యెత్తనిస్తారా?" అని అందరికీ వినబడేలా అడిగింది.

ఓడంతా నవ్వింది. నవ్వులు ఆగేదాకా నిలబడింది. చెవిపోగు తీసి అతని చేతిలో పెట్టి, ఎవరూ తొయ్యకుండానే దిబ్బకు తీసుకెళ్ళే పడవలోకి నిచ్చెన దిగింది. దిగేముందు నా దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"నువ్వు మాట్లాడవనే నమ్మాను పెద్దాయనా. మాట్లాడనే లేదు."

మర్నాడు ఉదయం లాంబర్ట్ ఒక చొక్కా తెచ్చి నా ఒళ్ళో పడేశాడు. "కూర్చునే ఉంటావుగా, నీకేం పని?" అన్నాడు. కాలరు సగం కుట్టి ఉంది. ఆమె సూది ఇంకా దానికే గుచ్చి ఉంది. మిగతా సగం నేను కుట్టాను. కత్తి పక్కనే ఉంది. దారం పళ్ళతో కొరికాను.