మూలకున్న గాలి పంపు

సుబేదారిలోని ఒక ఆఫీసు బండ్ల షెడ్డులో, మూలకు ఒక గాలి పంపు దిమ్మెకు బిగించి ఉంది. సైకిళ్లు పోయి స్కూటర్లొచ్చినా కట్టయ్య దాన్ని కదలనీయలేదు. ఆయన స్టాండు చూసుకుంటుంటే, భార్య మొగిలమ్మ కొంగు నడుముకు చెక్కి ఆ పంపుతోనే అందరి టైర్లకూ గాలి కొట్టేది. ఆమె పోయాక, పంపుకు నూనె పెట్టడం మాత్రం ఆయన మానలేదు.

ఇప్పుడు కరెంటు బండ్లకు చార్జింగ్ పాయింట్లు పెట్టాలని ఇంజినీరు పద్మలత వచ్చింది. మీటరు ఆ మూల పక్కనే ఉంది.

"తాతా, మొదటి పాయింటు ఈడ్నే పెడ్దాం. పంపు తీసేద్దామా?"

"ఆడ వానకు కురుస్తది బిడ్డా. కరెంటు పనాయె, జర ఆలోచన జెయ్యి."

నిజానికి షెడ్డు మొత్తంలో అంత పొడి జాగా ఇంకోటి లేదు.

పద్మలత ఓసారి పై రేకులనూ, పక్క గోడనూ చూసి, ఆఫీసు వాళ్లను పిలిచింది. ఎవరెవరు కరెంటు బండి కొంటారో, ఎక్కడి నుంచి వస్తారో అడగసాగింది.

"నాకు రోజూ కావాలె మేడం," అన్నాడు భానుచందర్.

"ఇల్లెక్కడ అన్నా?"

"గీ గల్లీ చివర్నే."

"మరి ఇంట్ల పెట్టుకోరాదే? ఆఫీసు కరెంటు తియ్యగుంటదా?"

అందరూ నవ్వారు.

"ఇయ్యాల బండ్లు తక్కువనే. రేపు ఎక్కువైతయి. పొద్దుగాల్నే అందరు ఒక్కసారి తగిలిస్తే లైను ఓర్వది. స్టేషన్ ఘన్‌పూర్ దిక్కుకెల్లి వచ్చేటోళ్లకు ముందు. దగ్గరోళ్లకు తర్వాత," అంది పద్మలత.

కట్టయ్య చెయ్యి పంపు పిడి మీద ఆగిపోయింది. సాయంత్రం ఆఫీసు వదిలే వేళ, ఊళ్లకు పోయే సైకిళ్లను ముందుకు లాగుతూ మొగిలమ్మ అరిచేది: "దూరమోళ్లు ముందట రాండ్రి! సుబేదారోళ్లూ, నడిపిచ్చుకపోతే కాళ్లరుగుతయా?" ఎంత పెద్ద సారైనా ఆ అరుపుకు పక్కకు జరిగేవాడు.

"బిడ్డా, ఆడ కురువది. ఉట్టిగనే అన్న."

"నాకెరుకే తాతా. గోడకు చెమ్మనే లేదాయె."

"పానా ఇటియ్యి. నేనే విప్పుత."

పంపును తెచ్చి, తాను కూర్చునే స్టూలు పక్కన బిగించుకున్నాడు.

పాయింటు మొదలైన పొద్దు అందరికన్నా ముందు భానుచందరే వైరు పట్టుకుని వచ్చాడు.

"దూరమోళ్లు ముందట!" స్టూలు మీంచే అరిచాడు కట్టయ్య. "గీ గల్లీలోనివే నువ్వు, నడిచొస్తే కాళ్లరుగుతయా?"

భానుచందర్ ఉలిక్కిపడి వైరు వెనక్కి లాక్కున్నాడు.

"అబ్బ కాకా, మొగిలక్క అచ్చినట్టే ఉన్నది!"

కట్టయ్య నూనె డబ్బా కోసం స్టూలు కింద వెతుక్కుంటున్నాడు.