నల్లగడి నాడు విత్తిన క్యారెట్లు

పీపాలో నీళ్ళు తిప్పడం నాకు చేతకాదని కాదు, విసుగు. ఆవు కొమ్ములో పేడ కూరి, చలికాలమంతా మట్టిలో పాతిపెట్టి, తర్వాత తవ్వి తీసి, ఆ పొడి ఒక గుప్పెడు పీపా నీళ్ళలో వేసి కర్రతో తిప్పాలి. నడుమ లోతుగా సుడి పడేదాకా ఒక వైపు, పడ్డాక దాన్ని చెదరగొట్టి రెండో వైపు. అలా గంటసేపు తిప్పి, ఆ నీళ్ళు చేలో చల్లాలి. మధ్యలో ఆపకూడదు, మనిషి మారకూడదు. కోపంతో అసలు తిప్పకూడదట, తిప్పేవాళ్ళ మనసు నీళ్ళలోకి దిగి, అక్కణ్ణించి పైరుకు పోతుందట. నా మనసే గనక నిజంగా దిగితే ఆ చేలో గడ్డిపోచ కూడా మొలవదు. అయినా అన్నీ శుభ్రంగా పండుతూనే ఉన్నాయి. దీన్నిబట్టయినా ఆయనకు అర్థం కావాలి. కాలేదు.

ఆయనంటే మా ఆయన. ఇదివరకు ఈ తిప్పుడంతా ఆయనదే. పక్షవాతం వచ్చి కుడిచేయి, కుడికాలు పడిపోయాక, పీపా పక్కన కుర్చీ వేయించుకుని నా చేత తిప్పిస్తున్నారు. మాట కాస్త ముద్దగా వస్తుందిగానీ పెత్తనానికి లోటేమీ లేదు.

"నెమ్మదిగా తిప్పవే. పరుగెత్తించకు నీళ్ళని."

"నీళ్ళు పరుగెత్తడం లేదండీ, నేనే పరుగెత్తుతున్నా. పొయ్యి మీద గిన్నె ఉంది."

ఊరి చివర కౌలుకు తీసుకున్న చిన్న చేను మాది, ఇల్లూ షెడ్డూ అందులోనే. పురుగుమందులు కొట్టని కూరగాయలు పండించి, పెట్టెల్లో సర్ది ఇళ్ళకు పంపుతాం. వ్యాను నడిపేది మా మరిది. ఎప్పుడో చంద్రుడి లెక్కన సేద్యం నేర్పే ఒక తరగతికి వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ మా ఆయన చంద్రుణ్ణి చూడకుండా గింజ కూడా నేల మీద వేయరు. మార్కెట్లో అందరూ ఆయన్ని చందమామ అంటారు. వంటింటి గోడకు ఒక క్యాలెండరుంటుంది. ఏ రోజు దుంపలకు మంచిది, ఏ రోజు ఆకుకూరలకు, ఏ రోజు కాయలకు అన్నీ రంగుల్లో అచ్చువేసి ఉంటాయి. నెలకు రెండుసార్లు, చంద్రుడు సూర్యుడి దారిని దాటే రోజు మాత్రం గడి మొత్తం నల్లగా ఉంటుంది. ఆ రోజు విత్తకూడదు, నాటకూడదు, మట్టి కదపకూడదు. నేను కలుపు తీయడానికి వంగినా కుర్చీలోంచి కేక వేస్తారు. అదే మరిది పెట్టెలు నింపుకోవడానికి చేలోకి వెళ్తే పట్టించుకోరు. తమ్ముడికో న్యాయం, పెళ్ళానికో న్యాయం అని నేను పళ్ళు కొరుక్కునేదాన్ని.

ఇదంతా వేడుకగా ఉన్నన్నాళ్ళు నేనూ నవ్వాను. ఆయన పడిపోయింది నల్లగడి నాడే, దాంతో నవ్వు పోయింది. వాన ముంచుకొస్తోందని ఆ ఒక్కసారి క్యాలెండరును పక్కనపెట్టి చిక్కుడు గింజలు వేశారు. సాలు చివరికంటా వెళ్ళి, వెనక్కి తిరగబోతూ అలాగే ఒరిగిపోయారు. అంతకు ముందు ఎన్నో రోజులుగా తలనొప్పి అంటున్నారు. బీపీ మాత్రలు అయిపోతే తెచ్చుకోలేదు. డాక్టరు అదే చెప్పాడు. ఆయన బుద్ధిగా తలాడించి, ఇంటికొచ్చాక, "అతనికేం తెలుసు, నేను చేజేతులా తెచ్చుకున్నాను" అన్నారు.

ఇక అక్కణ్ణించి పట్టు బిగిసింది. చేతికి కసరత్తులు చేయించడానికి ఫిజియోథెరపీ అమ్మాయి రోజూ వస్తుంది. సన్నగా ఉంటుందిగానీ గట్టి పిల్ల. నల్లగడి నాడు ఒళ్ళు కదిపితే మళ్ళీ ముప్పని ఆమెను గుమ్మంలోంచే పంపించేస్తారు. ముందు రోజు దాని నీడట, తర్వాత రోజు దాని తోకట, ఆ రెండు రోజులూ అంతే. ఎన్నిసార్లు వచ్చి ఉత్త చేతులతో వెళ్ళిందో పాపం.

ఒకరోజు ఆ అమ్మాయి నన్ను వాకిట్లోకి పిలిచి చెప్పింది. "ఆంటీ, చేయి ఇప్పుడు కదిలితేనే కదిలినట్టు. కొంతకాలం పోతే బిగిసిపోతుంది. అప్పుడు నేనొచ్చినా ఏం చేయలేను. రోజూ చేయాల్సిందే."

"నేను చెప్తే వింటారా తల్లీ."

"ఎవరు చెప్తే వింటారో వాళ్ళ చేత చెప్పించండి."

ఎవరు చెప్తే వింటారు? ఆకాశంలో ఉన్నవాడు చెప్పాలి. వాడు మాట్లాడడు.

అప్పుడే క్యారెట్ల అదను వచ్చింది. షెడ్డు వెనక మడి దున్ని, రాళ్ళేరి, పొడిపొడిగా చేసి ఉంచాను. మాది జిగట నేల. వాన పడితే బురద, ఆరితే రాయి, మధ్యలో విత్తడానికి కాస్త సందు దొరుకుతుంది. దుంపలకు మంచి రోజు రావడానికి ఇంకా వ్యవధి ఉంది, వాన అంతకన్నా ముందే వచ్చేలా ఉంది, ఆ పూట చూస్తే నల్లగడి. మబ్బు చూపించి అడిగాను. ఆయన మబ్బు వైపు చూడనైనా చూడలేదు.

"ఇవాళ చేలోకి వెళ్ళకు" అన్నారు. అంతే.

నాకు ఒళ్ళు మండింది. మండినప్పుడే బుర్ర కూడా పని చేసింది. ఈ గింజల్ని ఈ రోజే వేస్తాను, అవి బాగా పండితే తెచ్చి ఆయన ముందు పెడతాను, ఇక ఏ నోటితో రోజులు లెక్కపెడతారో చూస్తాను అనుకున్నాను. క్యారెట్లు నాకు ముఖ్యం కాదు. చేయి ముఖ్యం.

మధ్యాహ్నం ఆయన నిద్రపోయాక కిటికీ తలుపు దగ్గరగా వేసి, విత్తనాలు రాల్చే చక్రాల బండి తీసుకుని షెడ్డు వెనక్కి వెళ్ళాను. సాలు వెంట సాలు తోసుకుంటూ పోయాను. ఉక్కపోత. చెమట కళ్ళలోకి దిగుతోంది. ఆ తొందరలో ఒకచోట కాలు మడతపడి మోకాళ్ళ మీద కూలబడ్డాను, లేచి దులుపుకుని మళ్ళీ తోశాను. ఆఖరి సాలు పూడ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. అప్పుడే వచ్చిన మరిది వ్యాను దిగుతూ నన్నూ, నా చేతిలో బండినీ చూశాడు.

"వదినా, ఇవాళ నల్లగడి కదా. చందమామకు తెలిస్తే?"

"నువ్వు చెప్తే తెలుస్తుంది."

"నాకేం పట్టింది. వంకాయలెక్కడ పెట్టావు?" అని తన పని చూసుకున్నాడు. మా మరిదిలో నాకు నచ్చేది ఇదే.

ఆ తర్వాత మంచి రోజు రానే వచ్చింది. క్యారెట్లు ఆ రోజే వేశానని చెప్తే ఆయన సంతోషించారు. షెడ్డు వెనకదాకా నడిచి చూడలేరు కాబట్టి నా అబద్ధం అలాగే నిలబడింది. గింజలు మొలిచాయి, పలచన చేశాను, కలుపు తీశాను. పైరు ఎంత ఏపుగా వచ్చిందంటే, పొద్దున్నే దాన్ని చూడటానికి వెళ్ళినప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది. ఇంట్లోకి వస్తే ఆయన కుడిచేయి ఒళ్ళో ముడుచుకుని ఉండేది. వేళ్ళు లోపలికి తిరుగుతున్నాయి. గోళ్ళు తీయడానికి వాటిని విప్పితే నొప్పని మొహం తిప్పుకునేవారు. రోజంతా చేలో చాకిరీ చేసి వచ్చి అది చూస్తే నాకు ప్రాణం విసిగిపోయేది. ఏడవడానికి కూడా ఓపిక ఉండేది కాదు.

క్యారెట్లు అదనుకొచ్చాయి. ఆ పొద్దున ఫిజియోథెరపీ అమ్మాయి మళ్ళీ గుమ్మంలోంచే వెనక్కి తిరగాల్సి వచ్చింది. మర్నాడు నల్లగడి, కాబట్టి ఇవాళ నీడ. "నేను రావడం దండగ ఆంటీ" అని కోపంగా కాదు, నీరసంగా అంది. ఇక ఆగలేదు నేను. వెళ్ళి ఒక కట్ట పీకి, కుళాయి కింద కడిగి, వంటింటి బల్ల మీద ఆయన ముందు పడేశాను. తిన్నగా, నున్నగా, ఒక్కటి కూడా చీలకుండా ఉన్నాయి.

ఎడమచేత్తో ఒకటి తీసి తిప్పి చూశారు. "బాగా ఊరాయే. చెప్పానా, రోజు చూసి వేస్తే ఇలా ఉంటుంది."

"నల్లగడి నాడు వేశాను" అన్నాను.

ఆయన నా వైపు చూశారు.

"మీరు వద్దన్న రోజే. వాన రాకముందు. నేలకూ తెలీలేదు, గింజకూ తెలీలేదు, చంద్రుడికి అసలే తెలీదు. మీరు పడిపోయింది బీపీ వల్ల. మీరేమీ తెచ్చుకోలేదు. ఇకనైనా ఆ చేయి కదిలించండి." ఇన్నాళ్ళు లోపల దాచుకున్న మాటలన్నీ ఒక్క ఊపులో అనేసి, ఆయన అరుస్తారని కాచుకుని నిలబడ్డాను. అరిస్తే తిరిగి అరవాలని కూడా ఉంది.

ఆయన క్యారెట్ బల్ల మీద పెట్టేశారు.

"ఒక్కదానివే వేశావా?"

"ఒక్కదాన్నే."

"నేనెక్కడున్నాను?"

"పడుకున్నారు. కిటికీ కూడా వేసేసి వెళ్ళాను."

ముద్దమాటను కూడదీసుకోవడానికి ఆయనకు ఎప్పుడూ కొంత సమయం పడుతుంది. ఈసారి ఇంకా ఎక్కువ పట్టింది.

"షెడ్డు వెనక నువ్వు పడిపోయుంటే? పిలిచినా నాకు వినపడేది కాదు. వినపడినా లేచి రాలేను కదే."

క్యారెట్ల గురించి ఒక్క మాట కూడా లేదు. నేను ఇన్నాళ్ళూ ఆయనతో పైరు గురించి పోట్లాడుతున్నాననుకున్నాను. ఆయనకు పైరు పట్టనే లేదు. "నేనెందుకు పడతాను, నాకు బీపీ లేదుగా" అన్నాను. ఆ మాట నా చెవికే అతకలేదు.

"నాకూ ఉన్నట్టు డాక్టరు మొదటిసారి చూసేదాకా తెలీలేదు. రోజు వల్లే అయితే, ఆ రోజు నిన్ను ఇంట్లో కూర్చోబెడితే సరిపోతుందనుకున్నా. దాని వల్ల కాదంటున్నావు. మరి ఇక ఏ రోజైనా రావచ్చుగా నీకు."

"రావచ్చు" అన్నాను. అబద్ధం చెప్పే ఓపిక లేదు.

ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి బల్ల మీద పెట్టుకున్నారు. ముడుచుకున్న వేళ్ళను ఒక్కొక్కటే పట్టి లాగడం మొదలుపెట్టారు. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా వదల్లేదు. చూడలేక నేను కూడా కూర్చుని, ఆ చేతిని కదలకుండా పట్టుకున్నాను.

"ఆ పిల్లకి ఫోన్ చెయ్యి. రేపు రమ్మను."

"రేపు నల్లగడండీ."

"తెలుసు. నువ్వు పడితే లేపాలిగా."