పగులు చివర

తెల్లారేసరికి ఆకాశం ముసురుకుని ఉంది. కురిసేది లేదు, తెరిపి ఇచ్చేదీ లేదు. మబ్బు ఇళ్ళ రేకుల మీదికి దిగి తడిగుడ్డలా వేలాడుతోంది. అలాంటి వెలుతురులో వస్తువులకు నీడలుండవు. నీడ లేకపోతే బెజ్జాలాయనకు అంచులు తెలియడం లేదు. అందుకని గడపలో కూర్చుని, భార్య పక్కన పెట్టిన టీ గ్లాసు కోసం వేడిని బట్టి వెతికాడు.

"గ్లాసు ఇటుంది బావా. నువ్వు గోడని తడుముతున్నావు," అన్నాడు బావమరిది, అద్దం ముందు తల దువ్వుకుంటూ.

"గోడక్కూడా ఓ గుక్క పోద్దామని రా. నీకంటే అది నయం. పొద్దున్నే వాగదు."

లోపల పొయ్యి దగ్గర భార్య నవ్వింది. పెళ్ళయి కాపరానికి వచ్చినప్పుడు ఆమె తెచ్చుకున్న సామాను ఒక పెట్టె, ఒక పరుపు, ముక్కు కారుతున్న ఈ తమ్ముడు. పెట్టె తుప్పు పట్టింది, పరుపు పోయింది, తమ్ముడు మిగిలాడు. వాళ్ళకు పిల్లలు కలగలేదు. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు, వీడు ఉన్నాడు గనక.

"పై ఊరి కార్ఖానావాడు మళ్ళీ కబురు పెట్టాడక్కా. మంచి పనివాళ్ళు దొరకడం లేదట."

"పోరా. ఎవరొద్దన్నారు?"

"నేను పోతే బావకి గ్లాసు ఎవరు చూపిస్తారు?"

బెజ్జాలాయన గ్లాసు ఖాళీ చేసి, చెప్పులు కాలితో తడిమి తొడుక్కుని, అందరికంటే ముందు పనికి బయల్దేరాడు.

షెడ్డులో రెండు వరసల మిషన్లు. బెజ్జాలాయన డ్రిల్లింగ్ మిషన్ తలుపు పక్కనే ఉంటుంది. దాని పిడి ఆయన అరచేతి కింద అరిగి అరిగి ఒక పక్క పలచబడింది. ఇనుములో బెజ్జం తొలిచే బిట్టు దిగుతుంటే ఆయన చూసేది తక్కువ, పట్టుకునేది ఎక్కువ. ఉక్కయితే వెండి ఉంగరాల్లా చుట్టలు చుట్టలుగా పైకి లేస్తుంది, పోత ఇనుమైతే నల్లటి పొడి రాలుతుంది. బిట్టు అవతలికి దూరబోయే ముందు పిడి ఒక్కసారి తేలికవుతుంది. ఆ క్షణం చెయ్యి బిగబట్టకపోతే బిట్టు విరుగుతుంది. ముప్పై ఏళ్ళకు పైగా ఆయన చెయ్యి ఆ క్షణాన్ని దాటెయ్యలేదు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎప్పుడో మానేశారు. బెజ్జాలాయన అంటే ఆయనే. బజారులోనూ అదే, ఇంటి అద్దె దగ్గరా అదే.

ఆ ఉదయం మాత్రం ఆయన తన మిషన్ దగ్గర ఆగలేదు. నేరుగా షెడ్డు చివరికి, రేకుల్ని నొక్కి కోసే ప్రెస్సు దగ్గరికి వెళ్ళాడు.

ప్రెస్సు మనిషికి రెట్టింపు ఎత్తుంటుంది. నోరు తెరిచిన జంతువులా ముందుకు వంగి ఉంటుంది. ఆ నోట్లోకి చేతులు చాపి రేకులు పెట్టేది, తీసేది బావమరిది. నోటి మూల, పోత ఇనుములో, వారం కింద ఒక పగులు కనపడింది. పగులును ఆపాలంటే దాని చివర సరిగ్గా ఒక బెజ్జం వెయ్యాలి. గుండ్రటి బెజ్జంలో పడ్డాక పగులుకు ముందుకు చీల్చడానికి పదును దొరకదు, అక్కడే ఆగిపోతుంది. అయితే పగులు అసలు చివర కంటికి కనపడే చివర కాదు. కాస్త అవతల ఉంటుంది. అందుకే కిరసనాయిలు పూసి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి అద్దుతారు. పగుల్లో దాగిన కిరసనాయిలు సుద్దలోకి ఊరి, దొంగను పట్టించినట్టు సన్నటి గీత గీస్తుంది. నిన్న సాయంత్రం బెజ్జాలాయన అలాగే చూసి, చేతి డ్రిల్లుతో బెజ్జం వేశాడు. ఓనరు భుజం తట్టాడు.

రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. నిన్న చూసింది కుడి కంటితో. అలవాటు కొద్దీ ఎడమ కన్ను మూశాడు. ఏడాదిగా కుడి కంటికి పొర కమ్ముతోందని ఆయనకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు, ఇంట్లోవాళ్ళు పరధ్యానం అనుకుంటారు.

ఇప్పుడు మళ్ళీ కిరసనాయిలు పూశాడు. తుడిచాడు. సుద్ద అద్దాడు. కుడి కన్ను మూసి ఎడమ కంటితో, ముక్కు ఇనుముకు తగిలేంత దగ్గరగా చూశాడు. కాసేపటికి తన బెజ్జానికి పక్కనుంచి, వెంట్రుక మందాన, తడి గీత ఒకటి బయటికొచ్చింది. బెజ్జాన్ని తప్పించుకుని, వంపు తిరిగి, వెనక దిమ్మలోకి పోయింది. అక్కడికి ఏ బిట్టూ అందదు. నమ్మకం చాలక వేలితో తడిమాడు. తడి వేలికి అంటింది.

ఓనరు రాగానే చెప్పాడు. మనుషులు చుట్టూ మూగారు. ఓనరు వంగి చూశాడు. లేత్ మిషన్ మీద పనిచేసే టర్నరు వంగి చూశాడు. బెజ్జాలాయన వేలు రాసినచోట సుద్దంతా తడిసి ముద్దయి ఉంది. గీత లేదు.

"ఏదయ్యా?"

"ఇందాక ఉంది ఓనరు గారూ. నిన్న నాకు సరిగా కనపళ్ళా. కుడి కంటికి పొరొచ్చింది. బెజ్జం పక్కన పడింది. పలకలు వేసి బిగించేదాకా దీన్ని నడపొద్దు."

అందరూ ప్రెస్సును వదిలి ఆయన కళ్ళ వంక చూశారు. ఏడాది దాచిన మాట నలుగురిలో బయటపెట్టేశానని అప్పుడు తెలిసిందాయనకు.

"నిన్న పెద్ద పగులు కనపళ్ళేదంటావు," అన్నాడు ఓనరు నెమ్మదిగా. "ఇవాళ మాకెవరికీ కనపడంది నీకు కనపడిందంటావు. ఏ కంటిని నమ్మమంటావు?"

టర్నరు ముందు నవ్వాడు. "మూడో కన్నేమో!" అన్నాడు. దాంతో అందరూ నవ్వారు. బావమరిది తల దించుకున్నాడు, కానీ అతని భుజాలు కూడా కదిలాయి.

"ఇంకోసారి సుద్ద..."

"చాలయ్యా. ఇవాళ సుద్దంటావు, రేపు ఇంకో బెజ్జమంటావు. మిషన్ని జల్లెడ చేస్తావా? రేపు పొద్దున కొత్త సరుకు మొదలెట్టాలి. దాని అచ్చు మధ్యాహ్నానికి వస్తుంది. అందులో రెండు బెజ్జాలు వేసివ్వు. అవన్నా కనపడతాయా?"

అన్నం వేళ బావా బావమరిదీ గోడవార కూర్చున్నారు. బెజ్జాలాయన డబ్బా తెరవలేదు.

"నా మాట విను. రేపు దాని ముందు నిలబడకు."

"నిలబడకపోతే ఇంకొకణ్ణి నిలబెడతాడు. నా పని పోతుంది."

"అది విరిగితే తల మీదికొస్తుంది రా."

బావమరిది నవ్వాడు. చిన్నప్పుడు జ్వరంలో మందు తాగనని నవ్విన నవ్వే. "నువ్వేసిన బెజ్జం మీద నాకు నమ్మకం ఉంది బావా. నీకే లేదు. తిను, చల్లారిపోతోంది."

 ఆయన డబ్బా తెరవకుండానే పక్కకు జరిపాడు.

మధ్యాహ్నం అచ్చు వచ్చింది. నున్నగా చెక్కిన ఉక్కు దిమ్మ, రాత్రికి కాల్చి గట్టిపరచాల్సినది. మధ్యలో సరుకు ఆకారంలో కోసిన ఖాళీ. ఆ ఖాళీ అంచులే అచ్చుకు ప్రాణం. బెజ్జాలు పడాల్సిన రెండుచోట్లా అచ్చు చేసినవాడు ముందే, బిట్టు జారకుండా, చిన్న గుంటలా చుక్క కొట్టి పంపాడు. ఇది లేనిదే రేపు ప్రెస్సుకు పని లేదు. ఇలాంటిది మళ్ళీ చేయించాలంటే నెల పడుతుంది.

ఆయన దిమ్మను బల్ల మీద బిగించాడు. మొదటి బెజ్జం వేశాడు. చుక్క నడిమధ్యన, నిటారుగా పడింది. బిట్టు తీసి, బెజ్జం అంచును బొటనవేలితో రాసి చూసుకున్నాడు. చాలా బాగుంది. దాని వంక కాసేపు చూస్తూ ఉండిపోయాడు.

రెండో బెజ్జానికి బిట్టును చుక్క మీదికి తెచ్చాడు. తెచ్చి, ఖాళీ అంచు వైపు జరిపాడు. పిడి దించితే బిట్టు ఒప్పుకోలేదు. చుక్క వైపే జారిపోయింది. చుక్క కొట్టే మొనదేలిన పంచి తీసుకుని, అంచుకు ఆనించి, కొత్త చుక్క కొట్టాలి. పంచి పెట్టాడు. సుత్తి ఎత్తాడు. చెయ్యి దిగలేదు. ముప్పై ఏళ్ళుగా ఆ చెయ్యికి రాని పని అది. షెడ్డు అవతలి కొస నుంచి బావమరిది ఎవరితోనో పరాచికాలాడుతున్న గొంతు వినపడింది. సుత్తి దిగింది.

బిట్టు ఉక్కును తింటూ దిగింది. చుట్టలు లేచాయి. సగంలో బిట్టు పక్కకు, ఖాళీలోకి చీల్చుకుని పోయింది. పిడి చేతిలో అదిరింది. మిషన్ అరిచింది. అందరూ ఇటు తిరిగారు. అచ్చు అంచు ఎలుక కొరికినట్టు తెగిపోయి ఉంది.

బెజ్జాలాయన మిషన్ ఆపాడు. "తప్పింది," అన్నాడు.

ఓనరు పరుగెత్తుకొచ్చి చూసి, నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. చాలాసేపు తిట్టాడు. తిట్టి తిట్టి అలిసిపోయాక మామూలు గొంతుతో అడిగాడు: "కనపడనివాడివి మిషన్ దగ్గర ఎందుకు నిలబడ్డావయ్యా?"

"కనపడుతుందనుకున్నా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అదే ఆయనకు కష్టమనిపించింది. టర్నరు వచ్చి మోచెయ్యి పట్టుకుని, "జాగ్రత్త, మెట్టుంది," అంటూ తలుపు దాకా నడిపించాడు. ఆ మెట్టు బెజ్జాలాయన చూస్తుండగా కట్టిన మెట్టు. అయినా నడిపించనిచ్చాడు.

ఆయన వెనకాలే బావమరిది ఇంటికొచ్చాడు. దారంతా పది అడుగులు వెనకే నడిచాడు. ఇంట్లో అక్కతో మాట్లాడాడు.

"అచ్చు వచ్చేదాకా ప్రెస్సు లేదు. జీతం లేదు. సాయంత్రం బస్సుకి పై ఊరు పోతున్నా."

"ఇవాళేనా? ఉండరా, రేపు..."

"రేపేముందక్కా? అందరూ నన్ను చూసి ఏమనుకుంటున్నారో తెలుసా? మీ బావ కన్ను దాచి మమ్మల్నందర్నీ ముంచాడంటున్నారు. మిషన్ పాడైందని మీ ఆయన పొద్దున గోల పెట్టాడు, మధ్యాహ్నం తనే పాడుచేశాడు. ముసలోడైపోయానని ఒక్క మాట ముందే చెప్తే పోయేదా?"

మీ ఆయన. బావ అనలేదు. ఆమె ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "ఏమండీ, మీరన్నా చెప్పండి, ఉండమని."

బెజ్జాలాయన కాళ్ళు కడుక్కుంటున్నాడు. చెప్పాల్సింది ఒక్క వాక్యమే, నోటి చివర ఉంది. చెబితే వీడు ఉండిపోతాడు. నెల తరవాత కొత్త అచ్చు వస్తుంది. వీడు మళ్ళీ పోయి ఆ నోట్లోకి చేతులు చాపుతాడు, బావ కోసం ఇంకా గట్టి నమ్మకంతో. పోతే బతుకుతాడు. నెల తరవాత అక్కడ నిలబడేది ఇంకెవడో. వాడికీ ఎక్కడో ఒక అక్క ఉంటుంది. వాడి గురించి చెప్పినా వినేవాళ్ళు లేరని పొద్దునే తేలిపోయింది. రేపు మళ్ళీ పోయి చెప్పాలి, ఎల్లుండి మళ్ళీ చెప్పాలి, నవ్వినా సరే. చెంబులో నీళ్ళు అయిపోయాయి. ఆయన ఇంకా కాళ్ళ మీద వంచుతూనే ఉన్నాడు.

"పోనీలే. పోవాలనుకున్నవాణ్ణి పోనీ," అన్నాడు.

ఆమె మూడు కంచాలు పెట్టింది. వేడి అన్నం వడ్డించింది. ముగ్గురూ కూర్చున్నారు. ప్రెస్సు దగ్గర పనిచేసేవాళ్ళు మోత పడలేక చెవుల్లో దూది పెట్టుకుంటారు. రోజూ బావమరిది ఇంటికి రాగానే తీసేసేవాడు. ఇవాళ తీసినవి మళ్ళీ పెట్టుకుని, దూదితోనే తింటున్నాడు. ఆమె ఒకసారి మారు వడ్డించబోయి, అడిగినా వినపడదని తెలిసి, అడక్కుండానే వడ్డించింది. అతను వద్దనలేదు. కంచాల మీద వేళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. బెజ్జాలాయన మెతుకు మెతుకూ వేళ్ళతో తడిమి తిన్నాడు. బయట మబ్బు ఇంకా అలాగే ఉంది.

బావమరిది చెయ్యి కడుక్కుని, సంచి భుజాన వేసుకున్నాడు. గడప దగ్గర ఆగి, వెనక్కి వచ్చి, తన కంచం పక్కన వంగాడు. చెవుల్లోంచి దూది తీశాడు. నిలబడ్డాడు. బావ వైపు చూస్తూ, ఒక మాటకు పట్టేంతసేపు నిలబడ్డాడు.

బెజ్జాలాయన తల ఎత్తలేదు. ముద్ద నములుతూనే ఉన్నాడు.

అడుగుల చప్పుడు వీధిలో కలిసిపోయాక ఆమె కంచాలు తీసింది. మూడో కంచం తీసినచోట, నేల మీద, నూనెకు నల్లబడిన రెండు దూది ఉండలు, చెవి లోపలి వంపు ఇంకా వాటికి అలాగే ఉంది.